తిష్రీ నెల విశాఖలో: పందిరి ఎక్కడ వేయాలి, ఫిడేలు ఎప్పుడు తీయాలి?

ప్రశ్న అడిగినవారు: ఠాణే ఫిడేలు

అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగినది విశాఖపట్నం వన్ టౌన్‌లోని సోల్జర్‌పేటలో. మా నాన్నగారు కొంకణ తీరంలోని అలీబాగ్ వైపు బెనె ఇజ్రాయెల్ యూదులు. బొంబాయిలో సింధియా కంపెనీలో ఫిట్టరుగా చేరి, ఆ కంపెనీ ఇక్కడ కట్టిన ఓడల కార్ఖానాకు వచ్చారు. 1948లో నెహ్రూగారు ‘జల ఉష’ను నీళ్ళలోకి దింపిన రోజున ఆ జనంలో తానూ ఉన్నానని చివరిదాకా చెప్పుకునేవారు. 1952లో కార్ఖానా ప్రభుత్వం చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. నాన్నగారు రిటైరయ్యేదాకా ఇక్కడే ఉండిపోయారు. మాకు ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు, శుక్రవారం సాయంత్రం దీపాల దగ్గర హీబ్రూ. ఊళ్ళో సినగాగ్, అంటే మా ప్రార్థనాలయం, లేదు కనుక పండుగలన్నీ నాలుగు గోడల మధ్యనే జరిగిపోయేవి.

నాకు తొమ్మిదో ఏట కోటవీధిలో ఒక మాస్టారి దగ్గర ఫిడేలు పెట్టించారు. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో చదివి, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి బాణీని ప్రాణంగా చూసుకున్న మనిషి. 1986లో మేము ఠాణేకు వెళ్ళిపోయిన తరువాత నేను ఫిడేలు మీదే బతికాను. మొన్న జనవరిలో ఒక పెళ్ళి కచేరీకి వచ్చి, మిగిలిన ఒక పూట ఖాళీలో పాత చోట్లన్నీ నడిచి చూశాను. కురుపాం మార్కెట్ ఉన్నది, పాత పోస్టాఫీసు ఉన్నది, రాస్ హిల్ మెట్లు ఉన్నాయి. పక్కపక్కన ఉన్న ఆ మూడు కొండల మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి హార్బరు వైపు చూస్తూ అలాగే ఉన్నాయి. మాస్టారి ఇంటి అరుగు సగం కొట్టేసి సెల్‌ఫోను కొట్టు పెట్టారు. మేము అద్దెకున్న ఇంటికి వెళ్ళి, ఇప్పుడు ఉంటున్న అమ్మగారి అనుమతితో గుమ్మం చూశాను. కుడి వైపు ద్వారబంధానికి మేము మెజూజాను, అంటే లేఖన వాక్యాల చుట్ట ఉన్న చిన్న డబ్బీని, ఏటవాలుగా కొట్టుకునేవాళ్ళం. నాలుగైదు సార్లు రంగు వేసినట్లున్నారు, అయినా ఆ రెండు మేకుల గుంటలు ఒకటి పైకి, ఒకటి కిందికి, వేలు పెడితే తగిలాయి.

ఆ సంగతి చెప్పినప్పటి నుంచి మా అమ్మ, ఆమెకు 86 ఏళ్ళు, చక్రాల కుర్చీలో ఉంటుంది, ఈసారి మా పండుగల నెల తిష్రీ విశాఖలోనే అంటోంది. పెదవాల్తేరులో మాస్టారి అబ్బాయి, నా బాల్యమిత్రుడు, తన ఇంట్లో కింది వాటా ఇస్తానన్నాడు. 2026లో మా సంవత్సరాది రోష్ హషానా సెప్టెంబరు 11 సాయంత్రం మొదలై 13తో ముగుస్తుంది. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ 20 సాయంత్రం నుంచి 21 దాకా, పర్ణశాలల పండుగ సుక్కోత్ 25 సాయంత్రం నుంచి. నేను అడగదలచినవి ఇవి. సంవత్సరాది నాడు నీటి ఒడ్డున నిలబడి చేసే తష్లీఖ్‌కు చక్రాల కుర్చీతో వెళ్ళగలిగే ప్రశాంతమైన సముద్రపు ఒడ్డు ఎక్కడ ఉన్నది? సుక్కోత్‌కు ఆకుల పందిరి కట్టేవాళ్ళు ఇంకా దొరుకుతారా? 13వ తేదీ రాత్రి మిత్రుడి ఇంట్లో మాస్టారి పేరు మీద చిన్న కచేరీ చేద్దామనుకుంటున్నాను, అది బాగుంటుందా?

బురుజుపేట వాసి:

సార్, స్వాగతం. మీ మూడు ప్రశ్నలలో మొదటి దానికి నేను చెప్పగలను. 13 ఆదివారం, మరునాడు వినాయక చవితి. ఆదివారం సాయంత్రం ఆర్.కె. బీచ్‌లో ఇసుక కనిపించదు, మనుషులే కనిపిస్తారు. కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ దాకా కుర్చీ తోయడం మీ వల్ల కాదు. అమ్మగారిని మధ్యాహ్నం మూడు గంటలకల్లా కోస్టల్ బ్యాటరీ వైపు తీసుకువెళ్ళండి. అక్కడ ఇసుకలోకి దిగనవసరం లేకుండా గట్టు మీది నుంచే నీళ్ళు కనిపిస్తాయి, పైగా మీ పాత ఇంటికీ దగ్గరే. ఎవరూ నీళ్ళలోకి మాత్రం దిగవద్దు. పైకి మామూలుగా కనిపిస్తూనే లోపలికి లాగేసే కెరటం మనది, మీకు కొత్తగా చెప్పనక్కరలేదు.

పూర్ణా మార్కెట్‌లో కొనవలసినవి ఏమైనా ఉంటే 11వ తేదీ ఉదయానికే ముగించుకోండి. 12, 13 తేదీలలో పత్రి, వెలక్కాయలు, మొక్కజొన్న పొత్తుల బళ్ళ మధ్య కాలు పెట్టే సందు ఉండదు.

నాదొక మనవి. మీరు పొట్టేలు కొమ్ము బూర ఊదుతారని విన్నాను. అది కైలాసగిరి మీద, సూర్యోదయానికి, నలుగురినీ పిలిచి ఊదితే ఎలా ఉంటుంది? ఊరికి ఒక కొత్త విషయం తెలుస్తుంది, వీడియో కూడా తీయవచ్చు.

హీబ్రూ పాఠకుడు:

నేను యూదుణ్ణి కాను. ఇరవై ఏళ్ళుగా హీబ్రూ నేర్చుకుంటూ, యూదుల ప్రాచీన ధర్మగ్రంథమైన మిష్నా చదువుకుంటున్న తెలుగువాణ్ణి. ఠాణే వారికి తెలియనిదేమీ ఇందులో ఉండదు కానీ, చోటు మారినప్పుడు లెక్క తప్పే సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది పొద్దు. ఠాణేలో సెప్టెంబరు రెండో వారంలో సుమారు ఆరూ నలభైకి సూర్యాస్తమయం అవుతుంది; విశాఖ దాదాపు పది డిగ్రీలు తూర్పున ఉన్నది కనుక ఇక్కడ ఆరింటికే పొద్దు గుంకుతుంది. మీ సినగాగ్ వారు అచ్చువేసి ఇచ్చే క్యాలెండరును గోడకు తగిలించుకుని, అందులోని వేళకు అమ్మగారు దీపాలు వెలిగిస్తే అప్పటికే షబ్బాత్, అంటే శుక్రవారం పొద్దు గుంకగానే మొదలయ్యే విశ్రాంతి దినం, వచ్చి కూర్చుని ఉంటుంది. సూర్యాస్తమయానికి పద్దెనిమిది నిమిషాల ముందు అనే లెక్కన 11వ తేదీ శుక్రవారం ఐదూ నలభైకి దీపాలు సిద్ధంగా ఉండాలి. యోమ్ కిప్పూర్ ఉపవాసం విడిచే వేళ కూడా అంత ముందే వస్తుంది, అది మాత్రం సంతోషించవలసిన సంగతి.

రెండవది, ఈ ఏడాది సంవత్సరాది మొదటి రోజు శనివారం పడింది. అందువల్ల ఆ రోజు షోఫార్, అంటే ఆ పొట్టేలు కొమ్ము బూర, ఊదరు, ఆదివారం మాత్రమే ఊదుతారు. తష్లీఖ్‌ను కూడా చాలామంది ఆదివారానికే జరుపుకుంటారు. శనివారం బయట కుర్చీ తోసుకుంటూ వెళ్ళడంలోనే చిక్కు ఉన్నది కనుక మీకు ఆదివారమే గతి. అయితే బురుజుపేట వారు చెప్పిన గట్టు చాలు, నీటిలో కాలు పెట్టాలన్న నియమం లేదు, నీరు కంటికి కనిపిస్తే సరిపోతుందని చెప్పినవారు ఉన్నారు. బైబిలులోని మీకా గ్రంథం ఏడవ అధ్యాయపు చివరి వచనాలు అక్కడ చదువుకుంటారు. పాపాలను సముద్రపు లోతుల్లో పడవేయడం గురించిన మాట అందులోనిదే. ఆదివారం కుదరకపోయినా కంగారు లేదు, పర్ణశాలల పండుగ ఏడవ రోజైన హోషానా రబ్బా దాకా, అంటే అక్టోబరు 2 దాకా చేసుకోవచ్చు.

మూడవది మీ కచేరీ. 13 రాత్రి నక్షత్రాలు కనిపించిన తరువాత వాయించడం తప్పు కాదు. కానీ మరునాడు తెల్లవారుజాము నుంచి గెదల్యా ఉపవాసం, అదే రోజు చవితి. మీ మిత్రుడి ఇంట్లో ఉండ్రాళ్ళు, కుడుములు ఆవిరి మీద ఉంటాయి, మీరు చీకటి పడేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. దానికి తోడు ఆ పది రోజులూ ఆత్మపరీక్షకు విడిచిన రోజులు, సందడికి కావు. పర్ణశాలల పండుగ మధ్య రోజులు ఇందుకు తగినవి. మొదటి రెండు రోజులు, 26, 27 తేదీలు, వాద్యం ముట్టరాదు. 28 నుంచి అక్టోబరు 1 దాకా నాలుగు రాత్రులు సంగీతానికి అడ్డు లేదు సరికదా, సంగీతమే ఆ రాత్రుల ధర్మం. యెరూషలేము ఆలయం ఉన్న కాలంలో ఆ రాత్రులలో నీళ్ళు తోడే ఉత్సవానికి పిల్లనగ్రోవులు ఊదేవారని, ఆ సంబరం చూడనివాడు జన్మలో సంబరమే చూడనట్లని మిష్నా చెబుతుంది. కచేరీని పందిట్లోనే పెట్టండి.

యోమ్ కిప్పూర్‌కు సామూహిక ప్రార్థనకు అవసరమైన పది మంది కావాలనిపిస్తే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదు సమాజం ఉన్నది, వారికి సినగాగ్ కూడా ఉన్నది. తెనాలి దాకా రైలులో వెళ్ళవచ్చు. 19వ తేదీ శనివారం పగలు ప్రయాణం కుదరదు కనుక 18 పగలే చేరుకోవాలి, లేదా 19 రాత్రి చీకటి పడ్డాక బయలుదేరాలి. ముందుగా వారితో మాట్లాడుకోవడం మర్యాద.

ఇంకొక ముక్క. ‘పర్ణశాలల పండుగ’ అన్న పేరు మనకు తెలుగు బైబిలు ఇచ్చినది. 1805లో లండన్ మిషన్ నుంచి వచ్చిన క్రాన్, డి గ్రాంజ్ అనే ఇద్దరు సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నది మీ విశాఖలోనే. ఆ పండుగ పందిరి అయిన సుక్కాకు ‘గుడారం’ అనో ‘గుడిసె’ అనో వేయకుండా పర్ణశాల అన్నవారు ఎవరో గానీ, ఆకు కప్పు ఉంటేనే అది చెల్లుతుందన్న నియమాన్ని ఒక్క మాటలో పెట్టేశారు.

తాటాకు పందిరి:

నేను పందిళ్ళ పని చేయించే కుటుంబంలోని వాణ్ణి. పై వారు ఆకు కప్పు అన్నారు కనుక అడుగుతున్నాను. ఇప్పుడు ఎవరిని పిలిచినా ఇనుప గొట్టాలు, షామియానా గుడ్డ తెస్తారు. తాటాకు కావాలంటే పదిహేను రోజుల ముందే చెప్పాలి, భీమిలి వైపు నుంచి తెప్పిస్తాము. సరుగుడు కర్రలు నిలబెట్టి, వెదురు అడ్డం కట్టి, పైన కొబ్బరి మట్టలు లేదా తాటాకు పరుస్తాము. వాన వస్తుందని పైన టార్పాలిన్ వేయమంటారా?

మేడ మీద అయితే పిట్టగోడకు గట్టిగా బిగించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా గోదాములో ఉన్న ఆకు ఎక్కడికి పోయిందో ఈ రోజుకీ తెలియదు.

హీబ్రూ పాఠకుడు:

తాటాకు పందిరి గారు, టార్పాలిన్ వద్దు, షామియానా అసలే వద్దు. కప్పు నేలలో మొలిచినదై, కోసినదై ఉండాలి. దాని పైన గానీ కింద గానీ గుడ్డ పరిచారంటే పందిరి చెల్లదు. గోడల సంగతి వేరు, వాటికి మీ ఇష్టమొచ్చిన గుడ్డ కట్టండి. ఎండ కంటే నీడ ఎక్కువ పడాలి, రాత్రి సందుల్లోంచి నక్షత్రాలు కనిపించాలి. మట్టలు మరీ దట్టంగా వేయకండి. అల్లిన చాపలు వాడితే అవి పడుకోవడానికి అల్లినవి కాక, కప్పు కోసమే అల్లినవి కావాలి. వాన మాట కూడా మిష్నాలోనే ఉన్నది: గిన్నెలో ఉన్న చిక్కటి జావ పాడైపోయేంత వాన పడితే లేచి ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు. మీరు చెప్పిన తుపాను, ఆశ్చర్యం ఏమిటంటే, సరిగ్గా ఆ ఏటి పర్ణశాలల వారం మధ్యలోనే వచ్చింది.

విజయనగరం విద్యార్థిని:

ఠాణే ఫిడేలు గారికి నమస్కారం. మీ మాస్టారు చదివిన కళాశాలలోనే నేనూ వయొలిన్ చదువుకున్నాను. 1919లో అక్కడ విద్యార్థిగా చేరడానికి వెళ్ళిన ద్వారం వారిని విని ఆచార్యుడిగానే వేసుకున్నారన్న కథను మాకు చేరిన రోజునే చెబుతారు. మీ మాస్టారు కూడా చెప్పే ఉంటారు.

కచేరీ గురించి నాకు రెండు ఆలోచనలు కలిగాయి. తూర్పు ఐరోపా యూదుల సంగీతంలో ‘అహవా రబ్బా’ అనే స్వరవరుసను మన లెక్కలో పెడితే అది అచ్చంగా వకుళాభరణ రాగం: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. వారి ‘మి షెబేరఖ్’ వరుస ప్రతి మధ్యమంతో సరిగ్గా హేమవతి అవుతుంది. కాబట్టి వకుళాభరణంలో ఆలాపన మొదలుపెట్టి మీ పండుగ పాటలోకి దిగితే వినేవారికి ఎక్కడ గీత దాటారో తెలియదు. రెండవది కొంచెం మొహమాటంగా చెబుతున్నాను. ఈ ఏడాది భాద్రపద పౌర్ణమి సెప్టెంబరు 26. ఆ మరునాటి నుంచి మహాలయ పక్షం. 28న కచేరీ అంటే మీ మిత్రుడి ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో ఒకసారి అడిగి చూడండి. అది శుభకార్యం కాదు, నాకైతే అభ్యంతరం కనిపించదు, కానీ ఇల్లు వారిది.

తీపి విషయం. మీ సంవత్సరాదికి గోధుమ పాల హల్వా చేస్తారని చదివాను. మాడుగుల హల్వా కూడా గోధుమలు నానబెట్టి తీసిన పాలతోనే చేస్తారు కదా, అమ్మగారికి శ్రమ లేకుండా అదే తెప్పించుకోవచ్చు.

బురుజుపేట వాసి:

కైలాసగిరి సంగతి ఎవరూ ఎత్తలేదు!

ఠాణే ఫిడేలు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మకు అన్నీ చదివి వినిపించి, మిత్రుడితో ఫోనులో మాట్లాడి రాస్తున్నాను.

బురుజుపేట వారికి ముందుగా. షోఫార్ వాద్యం కాదండీ, అందుకే కొండ మీద ప్రదర్శనకు మనసొప్పలేదు, ఏమీ అనుకోవద్దు. నేను ముప్ఫై ఏళ్ళుగా ఊదుతున్నాను. శ్రుతి చూసుకునే పని ఉండదు, ఏ కొమ్ము శ్రుతి దానిది. తెకీయా అంటే ఒకే నిడుపాటి ఊపు, షెవారీమ్ మూడు విరుపులు, తెరూవా తొమ్మిది చిన్న వెక్కిళ్ళు. ఆ వెక్కిళ్ళను పెద్దలు ఏడుపుతోనే పోల్చారు. మాస్టారు ఒకసారి మా ఇంటి కిటికీ దగ్గర నిలబడి నాన్నగారు ఊదినది విని, లోపలికి రాకుండా వెళ్ళిపోయి, మరునాడు పాఠంలో నాచేత ఒకే స్వరాన్ని గమకం లేకుండా అరగంట లాగించారు. కారణం అడిగితే చెప్పలేదు. ఆదివారం ఉదయం ఇంటి మేడ మీద ఊదుతాను, తమరు తప్పక రండి, వీడియో మాత్రం వద్దు. మధ్యాహ్నం కోస్టల్ బ్యాటరీ గట్టుకు అమ్మను తీసుకువెళ్ళడం ఖాయమైంది.

సంత విషయంలో మీ సలహా చాలా ఉపయోగపడింది. మొదటి రాత్రి భోజనంలో మేము శకునంగా తినేవాటిలో ఖర్జూరం, దానిమ్మ, ఆనపకాయ, బొబ్బర్లు ఉంటాయి. బొబ్బర్లను మా పెద్దలు ‘రుబియా’ అంటారు, ఆ పేరు హీబ్రూలో ‘పెరుగుగాక’ అన్న మాటను పోలి ఉంటుంది కనుక మా పుణ్యం పెరగాలని తింటాము. ఆనపకాయ పేరు ‘చింపు’ అనే అర్థం గల మాటను పోలి ఉంటుంది కనుక చెడ్డ తీర్పు చిరిగిపోవాలని. శ్లేషతో పండుగ చేసుకునే జాతి మాది. చిన్నప్పుడు పూర్ణా మార్కెట్ నుంచి ఆ సంచీ మోసినది నేనే.

హీబ్రూ పాఠకుడు గారు, దీపాల వేళ సంగతి నేను నిజంగానే మరిచిపోయాను. అమ్మ మాత్రం మరువలేదు, ‘వాల్తేరులో పొద్దు త్వరగా పడుతుందిరా’ అని నవ్వింది. కొత్తరెడ్డిపాలెం ఈసారి కుదరదు, అమ్మను ఒంటరిగా వదలలేను; వచ్చే ఏడాదికి వారితో పరిచయం చేసుకుంటాను. యోమ్ కిప్పూర్ మేమిద్దరమే తెల్లబట్టలతో, తోలు చెప్పులు లేకుండా, నాన్నగారి పుస్తకంతో గడుపుతాము. చిన్నప్పుడూ అంతే.

విజయనగరం అమ్మాయికి. వకుళాభరణం పోలిక నిజమే, ఠాణేలో విదేశీ అతిథులు వచ్చినప్పుడు నేనే వాడుకుంటుంటాను. అయితే అవి తూర్పు ఐరోపా వారి బాణీలు, మా కొంకణం ఇళ్ళలోవి కావు. మావాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలోనే బైబిలు కథలను మరాఠీ కీర్తనగా కట్టి, తాళాలతో, మధ్యలో వ్యాఖ్యానంతో చెప్పేవారు. మన ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథ ఎలా నడుస్తుందో తెలిసినవారికి దాని నడక చెప్పనక్కరలేదు. అమ్మకు యోసేపు కథలోని నాలుగు పదాలు, అంటే పాటలు, ఇంకా నోటికి వచ్చు. వాటి చుట్టూనే కచేరీ కడుతున్నాను, మొదట మాస్టారి వర్ణం ఒకటి, ఆ తరువాత ఆ పదాలు, చివర మీ హేమవతి. మహాలయం గురించి మిత్రుడిని అడిగాను. పర్ణశాలలో మేము రాత్రికొక పితరుడిని, అబ్రాహాముతో మొదలుపెట్టి, అతిథిగా పిలుస్తామని చెప్పాను. ‘అయితే మా నాన్నను కూడా ఆ వరుసలో పిలువు, ఆయన తిథి ఆ పక్షంలోనే’ అన్నాడు. 29వ తేదీ రాత్రి ఏడు గంటలకు అనుకున్నాము.

హల్వా దగ్గర మాత్రం అమ్మ లొంగలేదు. మాడుగులది నేతితో చేస్తారు, మాది కొబ్బరి పాలతో. మాంసం వండిన పూట పాలు, నెయ్యి కలిసినది మేము తినము. పైగా, ఠాణేలో నలభై ఏళ్ళుగా కలిపినా ఇక్కడి కొబ్బరి పాల చిక్కదనం రాలేదట. గోధుమలు మూడు రోజుల ముందు నానబెట్టాలని, మిత్రుడి భార్యకు ఇప్పటి నుంచే ఫోనులో చెబుతోంది. మాడుగుల హల్వాను చవితి నాటి రాత్రి ఉపవాసం విడవడానికి ఉంచుకుంటాము.

తాటాకు పందిరి గారు, ఎనిమిది అడుగులకు పది అడుగులు చాలు. సరుగుడు కర్రలు, కొబ్బరి మట్టలు, గోడలకు మూడు వైపులా గుడ్డ, నాలుగో వైపు కుర్చీ పట్టేంత దారి. పిట్టగోడకు మీరు చెప్పినట్లే బిగించండి. అమ్మను మేడ ఎక్కించడం ఎలాగన్నదే మిగిలింది. మెట్లు పద్దెనిమిది, మలుపు ఇరుకు. కుర్చీతో సహా మోయడానికి నలుగురు కావాలి, 25 శుక్రవారం పొద్దు గుంకక ముందు. ఎవరైనా రాగలిగితే ఇక్కడే తెలియజేయండి.

బురుజుపేట వాసి:

నేను వస్తాను. మా తమ్ముణ్ణి కూడా తీసుకువస్తాను.

తాటాకు పందిరి:

ఆ రోజు మావాళ్ళు ఇద్దరు అక్కడే ఉంటారు, మలుపు దగ్గర పై నుంచి పట్టుకుంటారు. మీరు ఐదింటికల్లా కుర్చీ సిద్ధంగా ఉంచండి.